టిక్ పెట్టని గడి

దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్‌లో డబ్బు పెట్టకుండా దొరికేది సలహా ఒక్కటే. మిగతా ప్రతిదానికీ రేటు ఉంది. మంచం, బల్ల వేస్తే నిలబడటానికి చోటు మిగలని గదికి ఒక రేటు. నెలవారీగా కుర్చీ అద్దెకిచ్చే 'లైబ్రరీ'కి ఒక రేటు (అందులో పుస్తకాలుండవు, ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి). నిరుడు ర్యాంకు కొట్టినవాడి చేతిరాత నోట్సు జిరాక్సుకు ఇంకో రేటు. ఐఐటీకి కూతవేటు దూరంలో, కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాను ఆనుకుని ఉన్న ఈ ఊరి పేరులోనే సత్రం ఉంది. సరాయిలో బాటసారులు ఒక రాత్రి తలదాచుకుని పోయేవారు. ఇప్పుడు ఇంజనీరింగ్ సర్వీసెస్, గేట్ అభ్యర్థులు ఏళ్ల తరబడి ఉండిపోతున్నారు. ఏ పుస్తకం చదవాలి, ఏ చాప్టరు వదిలేయాలి, ఏ కోచింగ్ దండగ, ఎన్నో ప్రయత్నం తర్వాత మూటాముల్లె సర్దుకోవాలి... అడక్కపోయినా చెప్పేవాళ్లు టీ కొట్టు దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుంటారు.

ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చిన ఒక సివిల్ ఇంజనీరుకు 2024 చివర్లో ఈ సలహాలన్నీ వచ్చి ఒక్క గడి దగ్గర ఆగాయి. యూపీఎస్సీ దరఖాస్తులో కమ్యూనిటీ ఏదో చెప్పమనే గడి అది. అతడికి 29 ఏళ్లు. ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షకు జనరల్ అభ్యర్థులకు 30 నిండకూడదు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీలకు అయిదేళ్లు సడలింపు. జనరల్ వాళ్లకు ఫీజు 200 రూపాయలు, ఎస్సీలకు అదీ లేదు. ఓబీసీ సర్టిఫికెట్ అతడి దగ్గర లేదు. ఇంట్లో బీరువాలో ఉన్నది తహసీల్దారు సంతకంతో 'హిందూ మాదిగ' అని రాసిన కాగితం. అది పెడితే ఇంకో అయిదేళ్లు చదువుకోవచ్చు. పెట్టకపోతే ఇదే ఆఖరు. అతడు మాదిగే. కానీ హిందువు కాదు. ముత్తాత కాలం నుంచీ ఆ ఇంట్లో ఎవరూ హిందువులు కారు.

ఈ చిక్కు అతడి ఒక్కడిదే కాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా మతాన్ని, ఎస్సీ హోదాను ఒకే తాడుతో కట్టింది. ఆ తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను లోపలికి తీసుకున్నారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. ఆ ముడి తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం ఎప్పటి నుంచో ఒక మధ్యేమార్గం పట్టుకుంది. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను, వాళ్ల సంతతిని బీసీ-సీ అని వేరు చేసి 1 శాతం ఇస్తోంది. 15 శాతం ఉన్న చోటు వదిలి 1 శాతం ఉన్న చోటికి ఎవరు నడిచి వెళతారు? అందుకే కోస్తా జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో మనిషికి రెండు పేర్లు. బడి రికార్డులో ఒకటి, చర్చి రిజిస్టర్లో ఒకటి. పెళ్లి శుభలేఖ మీద రెండో పేరు, సర్వీసు రిజిస్టర్ మీద మొదటిది. దీన్ని మోసం అనేవాళ్లు ఆ ఊళ్లకు ఒకసారి వెళ్లి రావాలి. మాలపల్లికో చర్చి, మాదిగపల్లికో చర్చి ఉన్న ఊళ్లు అక్కడ తక్కువేమీ కాదు. బాప్తిస్మం నీళ్లలో కులం కరిగిపోలేదని ప్రభుత్వానికి తప్ప అందరికీ తెలుసు.

మొదటి సలహా సహజంగానే తండ్రిది. ఆయన సర్కారు బడిలో మాస్టారు. ఆ ఉద్యోగం ఆ సర్టిఫికెట్ మీద వచ్చిందే. అదే జిల్లాలోని ఈదుమూడిలో 1994లో మాదిగ దండోరా పుట్టినప్పుడు ఆయన కుర్రవాడు. సభలకు లారీలెక్కి వెళ్లాడు, పాదయాత్రల్లో నడిచాడు. ఎస్సీ కోటాను కులాల వారీగా విభజించుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పిన రోజు ఆయన ఊళ్లో మిఠాయి పంచాడు. సరిగ్గా ఆ తర్వాత రెండు మూడు నెలలకే కొడుకు ఫోన్ చేసి, "నాన్నా, నేను ఎస్సీ అని పెట్టలేను" అంటే ఆయనకెలా ఉంటుంది? "ముప్పై ఏళ్లు కొట్లాడి తెచ్చుకున్నాంరా. నువ్వేమో వద్దని పారేస్తానంటున్నావు. దేవుడు నీ గుండె చూస్తాడు గానీ ఫారం చూస్తాడా?" అన్నాడాయన.

బావ లెక్క వేరు. ఆయన ఒంగోలులో ఎల్ఐసీ ఏజెంటు, ఏది మాట్లాడినా అంకెల్లో మాట్లాడతాడు. అయిదేళ్లు ఎక్కువ, కటాఫ్ తక్కువ, ఉద్యోగం వస్తే ముప్పై ఏళ్ల జీతం. "ఆ జీతంలో దశమభాగం ఇయ్యి బావా, దేవుడే సంతోషిస్తాడు" అన్నాడు. గదిలో ఉండే ఖమ్మం కుర్రాడిదీ క్రైస్తవ కుటుంబమే. వాడి మాట అన్నిటికన్నా బలంగా తగిలింది. "మీ ఊళ్లో నిన్ను బావి దగ్గరకు రానివ్వంది ఎందుకన్నా? యేసును నమ్మావనా? మాదిగవని. మరి ఆ మాట కాగితం మీద రాయడానికి నీకు బాధేంటి?"

ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక పాస్టరు గారిని కలిశాడు. ఆయన నయమాను కథ చెప్పారు. కుష్ఠు నయమైన సిరియా సేనాపతి ఇకపై ఇశ్రాయేలు దేవుణ్నే కొలుస్తానని ఎలీషాకు మాటిచ్చి, ఒక్క మినహాయింపు అడిగాడు. తన రాజు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు తన చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు తానూ వంగక తప్పదు, ఆ ఒక్కటీ క్షమించాలి అని. ఎలీషా తిట్టలేదు, శపించలేదు. క్షేమంగా వెళ్లమన్నాడు. "బాబూ, రాజు దగ్గర కొలువు చేసేవాడికి దేవుడు కొంత వెసులుబాటు ఇస్తాడు" అన్నారు పాస్టరు గారు. ఆయన కూడా ఎన్నో కుటుంబాలను చూసిన మనిషి. టిక్ పెట్టినవాళ్లందరినీ బల్ల దగ్గరకు రానివ్వనంటే సంఘంలో ఎవరు మిగులుతారో ఆయనకు తెలుసు.

ఈ నలుగురిలో చెడ్డ సలహా ఇచ్చినవాడెవరు? ఎవరూ కారు. ఆ కుర్రాడి ఇబ్బందంతా అక్కడే ఉంది. శోధన అంటే కొమ్ములు, తోక పెట్టుకుని వస్తుందని ఆదివారపు బడిలో బొమ్మలు గీసి చూపిస్తారు. అలా వస్తే గుర్తుపట్టడం తేలికే. ప్రేమించేవాళ్లు, కష్టం తెలిసినవాళ్లు, బైబిలు చదివినవాళ్లు ముగ్గురూ ఒకే మాట చెబుతుంటే, లోపల ఏదో ఒప్పుకోవడం లేదంటే, అది దేవుడి మాటా, తన పొగరా? కటవారియా సరాయ్‌లో పరీక్ష తప్పినవాళ్లు తమను తాము గొప్ప చేసుకోవడానికి ఎన్ని దారులు వెతుక్కుంటారో అతడు చూశాడు. కోటా వద్దనుకున్నాను అని చెప్పుకోవడం వాటిలో చాలా మర్యాదైన దారి. ఆ అనుమానం అతణ్ని చాలా రోజులు వదల్లేదు.

సలహాల విషయంలో బైబిలు కూడా ఒక్క మాట మీద నిలబడదు. సామెతల గ్రంథం ఆలోచన చెప్పేవాళ్లు ఎందరుంటే అంత క్షేమమంటుంది. రాజుల గ్రంథంలో రెహబాము పెద్దల మాట పక్కన పెట్టి తోటి కుర్రాళ్ల మాట విని రాజ్యంలో పెద్ద భాగం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతి అధ్యాయంలోనే దానికి పూర్తిగా ఎదురు కథ. యూదా నుంచి బేతేలుకు వచ్చిన ఒక దైవజనుడికి, అక్కడ తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి పోవద్దు అని ఆజ్ఞ. రాజు పిలిచినా భోజనానికి వెళ్లలేదు. ఒక ముసలి ప్రవక్త వచ్చి, నేనూ నీలాంటి ప్రవక్తనే, నాకు దేవదూత చెప్పాడు అనగానే నమ్మి వెళ్లి తిన్నాడు. దారిలో సింహం చంపింది. రాజుకు లొంగనివాడు తన వృత్తివాడికి లొంగాడు. ఈ కథ మీద ప్రసంగాలు తక్కువ. ప్రసంగం చేసేవాళ్లకు అందులో ముసలి ప్రవక్త పాత్ర ఇబ్బంది కాబోలు.

వీటన్నిటికన్నా ఎక్కువ వెలుగు అపొస్తలుల కార్యాల్లో, పౌలు చివరిసారి యెరూషలేముకు వెళ్లే ఘట్టంలో ఉంది. తూరులో శిష్యులు ఆత్మ ప్రేరణతోనే వెళ్లవద్దన్నారని అక్కడ రాసి ఉంది. కైసరయలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్లూ చేతులూ కట్టుకుని, ఈ నడికట్టు గల మనిషిని యెరూషలేములో ఇలాగే కట్టి అన్యులకు అప్పగిస్తారని చూపించాడు. అది విని అందరూ ఏడ్చారు, వెళ్లవద్దని బతిమాలారు. ఆ కథ రాస్తున్నవాడూ బతిమాలినవాళ్లలో ఒకడు. పౌలు వినలేదు. ఇక్కడ నిదానంగా చూడాల్సింది ఒకటుంది. అగబు ఏం జరుగుతుందో చెప్పాడు, అంతే. వెళ్లవద్దని ఆయన అనలేదు. ఆ మాటను మిత్రులు కలిపారు. సమాచారం ప్రవక్తది, తీర్మానం ప్రేమది. పౌలు సమాచారాన్ని కాదనలేదు. ఆ తర్వాత అతణ్ని నిజంగానే కట్టారు కూడా. అతడు ఒప్పుకోనిది తీర్మానాన్ని ఒక్కదాన్నే. చివరకు ఆ మిత్రులు పోట్లాడకుండా ప్రభువు చిత్తానికి వదిలేసి ఊరుకున్నారు. సలహా తోసేసినా స్నేహం చెడలేదు. కుటుంబాల్లో మామూలుగా జరగనిది ఇదే.

ఒంగోలు కుర్రాడికి పౌలు దాకా వెళ్లాల్సిన అవసరం కూడా లేదు. అతడు క్రైస్తవుల ఇంట పుట్టడానికి కారణమే, వినని సలహాలు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషను పెట్టారు. చాలా ఏళ్ల పాటు చెప్పుకోదగ్గ ఫలితమేదీ లేదు. మూసేద్దామని అక్కడి బోర్డు ఒకటికి రెండుసార్లు ఆలోచించింది. 1853 సమావేశంలో పటం మీద ఒంటరిగా కనిపించిన నెల్లూరు గుర్తును ఎవరో ఒంటరి నక్షత్రం అన్నారు. ఆ పేరే మిషనుకు స్థిరపడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. 1862లో జూయెట్ జబ్బుతో అమెరికా వెళితే మళ్లీ అదే మాట వచ్చింది. మూసేద్దాం. బోర్డు లెక్కల్లో తప్పేమీ లేదు. ఖర్చు నిజం, వచ్చిన విశ్వాసులు గుప్పెడన్నదీ నిజం, జూయెట్ ఆరోగ్యం సరిగా లేదన్నదీ నిజం. మీరు పంపకపోయినా నేను వెళతాను అన్నాడాయన. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా తోడు ఒకణ్ని పంపాలి అని బోర్డు కార్యదర్శి అన్నాడట. అలా తోడు వచ్చినవాడే జాన్ క్లౌ. మిషనరీ కాకముందు మిన్నెసోటాలో భూములు కొలిచిన సర్వేయరు.

క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అక్కడ ఆయనకూ ఒక సలహా కాచుకుని ఉంది. పేరయ్య అనే మాదిగ భక్తుడి వల్ల చుట్టుపక్కల పల్లెల మాదిగలు రావడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆసక్తి చూపిన అగ్రవర్ణాల పెద్దలు ముఖం మీదే చెప్పారు: వీళ్లను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లలను పంపము. లౌకికంగా చూస్తే అది మంచి సలహాయే. పైవాళ్లు ముందొస్తే కిందివాళ్లు వెనక వస్తారని చాలామంది మిషనరీల లెక్క. క్లౌ ఏం చేయాలో తోచక గదిలోకి వెళ్లి, సిపాయిలకు పంచడానికి పెట్టిన కొత్త నిబంధనల దొంతర నుంచి ఒక ప్రతి తీస్తే మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని పౌలు రాసిన చోటు. వేరే గదిలో ఆయన భార్య హారియట్ కూడా అదే సమయంలో అదే చోటు తెరిచి చదువుతోందని తర్వాత తెలిసింది. క్లౌ తన జ్ఞాపకాల్లో రాసుకున్న సంగతి ఇది. పుస్తకం తెరిస్తే దొరికిన వాక్యంతో జీవితాలు నిర్ణయించుకోవడం ప్రమాదకరమైన అలవాటే. కానీ ఇక్కడ ఆ వాక్యం క్లౌకు కొత్త సంగతేమీ చెప్పలేదు. తెలిసినదాన్నే తప్పించుకోనివ్వకుండా చేసింది.

1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. తర్వాత ధాత కరువు వచ్చింది. క్లౌ తన పాత సర్వే విద్య బయటకు తీసి బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి వేల మందికి కూలి, తిండి ఇచ్చాడు. జనం బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని దాదాపు 15 నెలలు ఆపాడు. పని అయిపోయి, ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పాకే ఒప్పుకున్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలో దిగారు. బియ్యం క్రైస్తవులు అని వెక్కిరించేవాళ్లకు ఆ 15 నెలల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఆ కుర్రాడి ఇంట్లో మాత్రం ఇది ముత్తాత పేరుతో కలిపి చెప్పుకునే కథ.

తండ్రికి అతడు ఈ కథే గుర్తు చేశాడు. మనవాళ్లు ఏదో వస్తుందని చేరలేదు కదా నాన్నా, ఇప్పుడు ఏదో పోతుందని దాచడం ఎందుకు అని. తండ్రి జవాబు కూడా తేలికగా తీసిపారేసేది కాదు. క్లౌ దొర నిర్ణయం తీసుకుంటే దెబ్బలు తిన్నదెవరు? నిజమే. పండగలకు డప్పు కొట్టమని, ఆదివారం పని చేయమని అన్నందుకు ఊరి పెద్దలు బాధలు పెట్టింది మాదిగలనే గానీ దొరను కాదు. ఎవరో విన్న దేవుడి స్వరానికి ఇంకెవరో మూల్యం చెల్లించడం మతచరిత్రలో మామూలే. బిడ్డకు జ్వరం వస్తే మందులు మానిపించి ప్రార్థన ఒక్కటే చాలనే తల్లిదండ్రులు, డాక్టరు సలహా దేవుడి చిత్తానికి అడ్డమనుకుంటారు. అక్కడ పోయేది బిడ్డ ప్రాణం. దేవుడు చెప్పాడు అన్న మాట వినగానే మొదట అడగాల్సిన ప్రశ్న, బిల్లు ఎవరి పేరు మీద వస్తోంది అని. క్లౌ దగ్గర దీనికి సగం జవాబే ఉంది: ఆ మాదిగలు తమంతట తామే వచ్చి అడిగారు, ఆయన తలుపు మూయలేదు.

భక్తసింగ్ కథలో బిల్లు పూర్తిగా ఆయన పేరు మీదే వచ్చింది. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో ఇంజనీరింగ్ చదువుతూ క్రైస్తవుడై 1933లో బొంబాయి ఓడ దిగితే తల్లిదండ్రులు ఎదురొచ్చారు. కుటుంబం పరువు కోసం ఈ సంగతి నలుగురిలో చెప్పకుండా ఉంచుకో, ఇంటికి రా అన్నారు. నమ్మవద్దని వాళ్లు అనలేదు. దాచుకోమన్నారు, అంతే. ఆయన ఒప్పుకోలేదు, ఇల్లు లేకుండా పోయింది. తర్వాత హైదరాబాద్‌లో హెబ్రోను స్థాపించి 2000లో అక్కడే కన్నుమూశారు. తెలుగు క్రైస్తవులు ఈ కథను ఇష్టంగా చెప్పుకుంటారు. కానీ ఉన్నవాడు వదులుకోవడం వేరు, లేనివాడికి అందిన ఒక్క తాడు వదలమనడం వేరు. భక్తసింగ్‌ను చూపించి మాదిగపల్లి కుర్రాళ్లకు త్యాగం నేర్పబోయేవాళ్లు ఈ తేడా గమనించరు.

ఇంతకీ ఆ కుర్రాడి చేయి ఆగింది వాక్యం దగ్గర కాదు, కల దగ్గరా కాదు. ఫారం చివర ఉండే మామూలు ధ్రువీకరణ దగ్గర. పైన ఇచ్చిన వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజం అనే అర్థమొచ్చే నాలుగు ముక్కలు. అందరూ చదవకుండానే దాటేస్తారు. అతడికి అది ఎం-బుక్‌లా కనిపించింది. ఢిల్లీ రాకముందు రెండేళ్లు ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజనీరుగా చేశాడు. జరిగిన పనిని కొలిచి ఎం-బుక్‌లో రాసి సంతకం పెట్టాలి, దాని మీదే బిల్లు పాసవుతుంది. ఒకసారి అడుగున్నర తవ్విన పునాదిని మూడడుగులని రాయమన్నారు. పైన కాంక్రీటు పడ్డాక ఎవరూ చూడరన్నారు. అది కూడా సలహాయే, ప్రేమగా చెప్పిందే. అతడు రాయలేదు, ఆ నెలాఖరుకు ఉద్యోగం వదిలాడు. ఇప్పుడు తను కొలిచి చూసుకుంటే 'మాదిగ' అన్నది సరైన కొలత. 'హిందూ' అన్నది కాదు. సర్టిఫికెట్ మీద ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. విడదీసే అధికారం పార్లమెంటుకు ఉంది గానీ అతడికి లేదు.

నయమాను సంగతీ ఆలోచించాడు. నయమాను చేయబోయేది ముందే ఎలీషాకు చెప్పేశాడు, దాచలేదు. పైగా వంగితే అతడికి కొత్తగా వచ్చేదేమీ లేదు. పాస్టరు గారికి ఈ మాట చెబితే ఆయన కాసేపు మౌనంగా ఉండి, "నువ్వు చెప్పింది నీకు సరే బాబూ, దీన్ని ఇంకెవరి మీదా పెట్టకు" అన్నారు. వచ్చిన సలహాలన్నిటిలో అతడు పూర్తిగా తీసుకున్నది అదొక్కటే.

జనరల్ గడిలో టిక్ పెట్టి 200 రూపాయలు కట్టాడు. బీరువాలోని కాగితాన్ని చింపలేదు, తహసీల్దారుకు తిరిగి ఇవ్వలేదు. అది సగం నిజాయితీ అని కోచింగ్‌లో ఒకడు వెక్కిరించాడు. కానీ ఆ కాగితం ఒక్కడిది కాదు. దాన్ని తిరగదోడితే తండ్రి నౌకరీ, రేపటి పెన్షన్ కూడా బల్ల మీదకు వస్తాయి. తన వంతు ఎంతో అంతే వదులుకున్నాడు. గదిలో ఖమ్మం కుర్రాడు ఎస్సీ అనే పెట్టాడు. ఇద్దరూ ఎప్పటిలాగే ఒకే గిన్నెలో అన్నం వండుకుంటూ, ఒకే టెస్ట్ సిరీస్ పంచుకుంటూ చదివారు.

2024 నవంబర్ 26న, క్రైస్తవం ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో చెప్పింది. మరుసటి ఏడాది, క్రైస్తవం స్వీకరించినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. చూశావా, ముందే జాగ్రత్తపడ్డావు అని బావ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు అతడికి తిట్టు కన్నా బాధగా అనిపించింది. తీర్పుకు భయపడి చేసిన పని కాదు అది. ఆ తీర్పుల కింద నలిగేవాళ్లు తనవాళ్లే.

తండ్రి దాదాపు రెండు నెలలు సరిగా మాట్లాడలేదు. ఫోన్ తల్లి ఎత్తేది, వెనక నుంచి ఆయన దగ్గు వినిపించేది. క్రిస్మస్‌కు ఇంటికి వెళితే కోడి కోయించాడు గానీ పరీక్ష సంగతి ఎత్తలేదు. ఆ ఏడాది అతడు ప్రిలిమ్స్ గట్టెక్కి మెయిన్స్‌లో ఆగిపోయాడు. ఇప్పుడు గురుగ్రామ్‌లో ఒక నిర్మాణ కంపెనీలో పని. కటవారియా సరాయ్‌లో గది ఖాళీ చేశాడు.

మెయిన్స్ దాకా కూడా వెళ్లకముందే, 2025 ఏప్రిల్‌లో, మెగా డీఎస్సీకి 16,347 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. అదే నెలలో రాష్ట్రం ఎస్సీ కోటాను మూడుగా విడదీసి మాదిగ గ్రూపుకు 6.5 శాతం కేటాయించింది. చెల్లెలు బీఎడ్ పూర్తి చేసి ఇంట్లో ఉంది. ఒక రాత్రి తండ్రి నిద్రపోయాక మేడ మీదకెళ్లి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నేనేం పెట్టాలి?"

నువ్వేం పెట్టాలో నేను చెప్పను అన్నాడు. కాకపోతే నీకు ఇక్కడ ఇంకో గడి ఉంది, నాకది లేదు, బీసీ-సీ అని, మనలాంటి వాళ్ల కోసమే పెట్టింది, అందులో ఏ అబద్ధమూ రాయనక్కర్లేదు అని వివరించాడు. దానికి వేరే సర్టిఫికెట్ తీసుకోవాలి, దరఖాస్తు చేస్తే నాన్న సంగతి ఏమైనా కదులుతుందేమో ఒక లాయరును అడగాలి, అది కనుక్కుని చెబుతానన్నాడు. ఆ అమ్మాయి అంతా విని, కాసేపాగి అడిగింది.

"వందకు ఒకటి అంటే, మన జిల్లాలో నా సబ్జెక్టుకు ఎన్ని వస్తాయి?"

అతడు నోటిఫికేషన్ తెరిచి, జిల్లా పోస్టుల పట్టిక చూసి, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని లెక్కవేయడం మొదలుపెట్టాడు.